తేటనీళ్ళ మీద ఫిర్యాదు

నీటి సరఫరా అధికారి గారి సముఖమునకు,
ఎరువుల గోదాము పక్కవీధి, ఆఖరి ఇంటిలో కాపురముండు కొళాయిల మరమ్మతు పనివాడు వ్రాసుకున్న మనవి.

అయ్యా,

విషయం: మా వీధి కొళాయి నీటిని తక్షణమే పరీక్ష చేయించుట, ఫలితము తేలువరకు పసిపిల్లలకు వేరే నీరు ఇప్పించుట గురించి.

1. నేను ముప్పై ఏళ్ళుగా కొళాయిలు బాగుచేసుకుని బతుకుతున్నవాడను. మా వీధిలో నలభై ఇళ్ళు. పెద్దాచిన్నా నన్ను కొళాయి మావయ్య అంటారు. నీళ్ళ విషయంలో నా మాటకు అక్కడ తిరుగు లేదు. నేడు తమ ముందుకు రావలసిన గతి పట్టించింది ఆ మాటే.

2. రెండేళ్ళ కిందట కొళాయిల్లో బురదనీళ్ళు వచ్చి, ఇంటికొకరు కడుపు పట్టుకుని మంచమెక్కారు. అదను చూసుకుని ఒక కంపెనీ మనిషి వీధిలో దిగాడు. లోపల నీలం లైటు వెలిగే మిషను, వాయిదాల మీద ఇస్తానన్నాడు. మా ఎదురింటి దర్జీ భార్య చెవికమ్మలు తీసి చేతిలో పట్టుకుంది కూడా. నేను అడ్డుపడ్డాను. "బిందె నీళ్ళు ఒక పూట కదపకుండా ఉంచండి. తేరిన నీళ్ళు నాలుగు మడతల బట్టలో వడకట్టండి. కళపెళా మరిగించి మూతపెట్టండి. ఈ మాత్రానికి మిషనెందుకు?" అన్నాను. అలాగే చేశారు. నెల తిరిగేసరికి జబ్బులు తగ్గాయి. ఆ రోజు నేను చెప్పినది సరైనదేనని ఇప్పటికీ మనవి చేయుచున్నాను.

3. మొన్నటి చలికాలంలో పెద్ద లైను పగిలినందున, తమ కార్యాలయం వారు గోదాము వెనక బోరు వేయించి మా వీధి లైనుకు కలిపించినారు. ఆ జాయింటు బిగించినది నేనే. వానకు తడిసి చిరిగిన ఎరువు బస్తాలు బోరు పక్కనే గుట్టగా పడి ఉండటం ఈ కళ్ళతో చూశాను. చూసి, కాలితో ఒక బస్తాను పక్కకు తోసి, పని చేసుకున్నాను. నీళ్ళు వదిలితే బకెట్టు అడుగున పడిన సూది కూడా కనిపించింది. అంత తేట. "ఇంక కాచే పని తప్పింది కదా మావయ్యా" అన్నారు ఆడవాళ్ళు. తప్పలేదు, కాచే తాగాలి అన్నాను.

4. మా అమ్మాయి ఆడపిల్లను కన్నది. పాలు పడలేదు, డబ్బాపాలే గతి. నీళ్ళు కాచే పని నేను పెట్టుకున్నాను. మనవరాలు కదా అని, గిన్నె సగానికి ఇగిరేదాకా మరిగించేవాడిని. మూడో వారం నుంచి పిల్ల ఏడుపు తగ్గింది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాము. ఒక మధ్యాహ్నం అమ్మాయి పిలిచింది.

"నాన్నా, దీని పెదాలు చూడు. చలేస్తోందంటావా?"

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పెదాలు సిరా పూసినట్టున్నాయి.

ఆసుపత్రిలో రక్తం తీస్తే తుప్పునీళ్ళ రంగు. డాక్టరమ్మ అడిగింది: "పాలల్లో ఏ నీళ్ళు కలుపుతున్నారు?"

"కాచినవేనమ్మా. సగానికి ఇగిరేదాకా కాచినవి." గొప్పగానే చెప్పాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "బాబాయ్ గారూ, కాస్తే పురుగు చస్తుంది. ఎరువుల్లో ఉండే నైట్రేటు ఉప్పులాంటిది, అది చావదు. నీళ్ళు ఆవిరైపోయి అది మిగిలిపోతుంది. సగానికి ఇగరబెట్టారంటే దాన్ని రెట్టింపు చేశారన్నమాట. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. పసివాళ్ళ రక్తం తట్టుకోదు."

పిల్ల బతికింది. ఇప్పుడు ఆసుపత్రి నుంచి సైకిలు మీద డబ్బాలతో నీళ్ళు తెస్తున్నాను. అమ్మాయి నాతో మాట్లాడుతుంది. నేను పాలసీసా మీద చెయ్యి వేయబోతే మాత్రం, తీసి అవతల పెడుతుంది.

5. డాక్టరమ్మ చీటీతో, సీసాడు నీళ్ళతో తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తా గారు సీసాను వెలుగుకెత్తి, "ఇంత తేటగా ఉంటే పరీక్షేంటయ్యా" అని గుక్కెడు తాగి చూపించారు. "చూశావా, బతికే ఉన్నాను." తమరు నెలపిల్ల కాదు కదండీ అన్నాను. ఇరవై రోజుల తరువాత వెళితే, సదరు సీసాలో తీగమొక్క కొమ్మ గుచ్చి కిటికీలో పెట్టి ఉన్నది. తీగ కమ్మీలు దాటి పాకుతున్నది. మొక్కకు మంచి బలం వచ్చిందని గుమాస్తా గారు సంతోషించినారు.

6. కాచినా లాభం లేదు, పసివాళ్ళకు ఈ నీళ్ళు అసలే పట్టవద్దని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మావయ్యకు మతి చెదిరిందంటున్నారు. రెండేళ్ళు కాచమన్న నోటితోనే వద్దంటే ఎవరు నమ్ముతారు? ఇదే సందని లైటు మిషను మనిషి మళ్ళీ దిగాడు. ఆ లైటు కూడా పురుగునే చంపుతుంది గాని ఈ ఉప్పును తీయలేదని డాక్టరమ్మ చెప్పింది. అయినా దర్జీ ఇంట కొనేశారు. వాళ్ళింట నెల పిల్లాడున్నాడు.

7. కావున ముందుగా నీరు పరీక్ష చేయించి, ఫలితం వీధి మొదట గోడ మీద వ్రాయించవలెను. నీళ్ళలో ఏముందో తెలియకుండా మిషను కొనటం, రోగం తెలియకుండా మందు మింగటమే. ఈ ఉప్పును తీయగల పెద్ద ఫిల్టరు వీధికంతటికీ ఒక్కటి చాలును, ఇంటికొకటి అక్కరలేదు. కూలి లేకుండా నేనే బిగిస్తాను. అంతవరకు రోజుకొక ట్యాంకరు పంపవలెను.

పై సంగతులను తమరే స్వయముగా చిత్తగించవలెను గాని, గుమాస్తా గారి చిత్తానికి వదలవద్దని వేడుకొనుచున్నాను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
కొళాయి పనివాడు

తా.క.: ఇది శుద్ధప్రతి రాస్తుండగా దర్జీ తల్లి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "తమ్ముడూ, పిల్లాడు పాలు సరిగ్గా లాగట్లేదు. మిషను నీళ్ళే, అవి మళ్ళీ కాచి మరీ పడుతున్నాం. ఇంకో పది నిమిషాలు ఎక్కువ కాచమంటావా?"

"వాడి గోళ్ళు ఏ రంగులో ఉన్నాయక్కా?"

ఆవిడ గుర్తు తెచ్చుకోబోయింది. అలా నిలబడే ఏడవడం మొదలుపెట్టింది.

పిల్లాణ్ణి, వాడి తల్లిని ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపేశాను. వెళ్ళి వీధి వాల్వు కట్టేసి గొలుసు వేసి తాళం పెట్టాను. తాళంచెవి నా జేబులో ఉంది. నలభై ఇళ్ళవాళ్ళు ఖాళీ బిందెలతో మా తలుపు బాదుతున్నారు. నేను చేసింది నేరమేనని తెలుసు. పట్టుకోవడానికైనా వస్తారు కదా, వచ్చేటప్పుడు నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళను వెంటబెట్టుకు రండి.

ఆసుపత్రి నుంచి ఇంకా కబురు రాలేదు.