అందరినీ కూర్చోబెట్టే పుస్తకం

ప్రియమైన అక్కకు,

నువ్వు పంపిన బొమ్మల పుస్తకాలు అందాయి. మెట్ల మీద కూర్చుని పిల్లలకు చదివి వినిపిస్తున్నాను. మొదట ఎదురింటి కవలలిద్దరే వచ్చేవారు, ఇప్పుడు ఏడుగురయ్యారు. నాది ఐదో తరగతి చదువు కదా, వేలు పెట్టి కూడబలుక్కుంటాను. నేను ఆగినప్పుడల్లా తర్వాతి మాట వాళ్లే ఊహించి అరుస్తారు. పెద్దవాళ్లెవరైనా మెట్లు దిగుతుంటే మాత్రం నా గొంతు లోపలికి పోతుంది.

ఇప్పుడు పెద్దవాళ్లకీ పుస్తకాలు కావాలట. పైవాటాలో ఉండే నర్సుకు నవ్వించేది పంపు, అందులో రోగాలూ చావులూ ఉండకూడదు. పక్కింటి అమ్మాయికి ఎనిమిదో నెల, పడుకుని పట్టుకున్నా చేతులు నొప్పెట్టని తేలికైన పుస్తకం చాలు. చిక్కంతా కింది వాటాలోని దర్జీ తాతతోనే. చెవులు బొత్తిగా వినపడవు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పైగా ఏ పుస్తకమూ పది పేజీలు దాటనివ్వరు. "దొంగెవడో మూడో పేజీలోనే తెలిసిపోతే మిగతాది ఎందుకమ్మా, దిండు కిందకా?" అంటారు. ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వని పుస్తకం ఏదైనా ఉంటే చూడు.

మీ మరిది కులాసా. మేడ మీద ఇంకో అంతస్తు లేపుతున్నారు. యజమాని ఆ మేస్త్రీపని ఈయనకే ఇచ్చి, పని జరిగినన్నాళ్లూ మాకు గది ఊరికే ఇచ్చాడు. పుస్తకాల అర వెనక గోడకు వెంట్రుకంత బీట వచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు నోరు కూడా వస్తోంది.

ఉంటాను,
నీ పిచ్చుక

*

నా పిచ్చుకకు,

నర్సుకు నీలం అట్ట పుస్తకం ఇవ్వు. నాటకాల వాళ్ల వెంట ఊరూరా తిరిగే ఒక పిరికి వంటవాడి కథ. అలిసిపోయి వచ్చేవాళ్లకు అధ్యాయాలు చిన్నవిగా ఉండాలి, ఇందులో ఏదీ నాలుగు పేజీలు దాటదు. పక్కింటి అమ్మాయికి పల్చటి కథల పుస్తకం పెట్టాను. దర్జీ తాతకు సరిపోయేది ఒకటుంది, ఎవరో తీసుకెళ్లారు. మా గ్రంథాలయానికి తిరిగి రాగానే పంపుతాను.

బీట సంగతి నువ్వు అన్నిటికన్నా చివర రాశావు. నాకు మాత్రం దాని తర్వాత ఇంకేమీ గుర్తులేదు. చిరిగిన పేజీలకు నేను అతికించే పల్చటి కాగితం ముక్కలు పార్సెల్లో ఉన్నాయి. బీటకు అడ్డంగా ఒకటి జిగురుతో అంటించి, దాని మీద తేదీ వెయ్యి. గోడ కదలకపోతే ముక్క అలాగే ఉంటుంది. మా గ్రంథాలయం పాత భవనానికి అక్కడి పెద్దాయన ఇలాగే చేసేవారు. చిరిగిందంటే వెంటనే నాకు రాయి.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

మొదటి ముక్క తొమ్మిది రోజులుంది. రెండోది నాలుగు రోజులు. రెండూ దాచాను.

ఆయనకు చూపించాను. "గోడలన్నాక బీటలు రావా? మీ అక్క గోడలక్కూడా వైద్యం చేస్తుందా?" అని నవ్వారు. కానీ మర్నాడు యజమాని వచ్చి చూసి వెళ్లాక బీటలో ఆయనే సిమెంటు కూరి, పైన రంగు పూశారు. అప్పుడు నవ్వలేదు. అన్నం తింటూ నా వైపు చూడలేదు. రంగు ఆరాక చూస్తే ఆ పూత పక్కనించి బీట కొత్తగా పాకింది.

నర్సు వాళ్ల తలుపు ఇప్పుడు భుజంతో నెడితేగాని తెరుచుకోదు. వానకు చెక్క ఉబ్బిందనుకుంటున్నారు. మాకు వాన పడి నెలన్నర అయింది. నర్సుతో చెబుదామని రెండుసార్లు గుమ్మందాకా వెళ్లి ఉప్పు అడిగి వచ్చేశాను. నేను చెబితే ఎవరు వింటారు? కట్టే మేస్త్రీ పెళ్లాన్నే కదా.

నాకొక పుస్తకం కావాలి అక్కా. నాలుగేళ్ల పిల్ల నుంచి నర్సుదాకా, వింటూ వింటూ లేచిపోవడానికి మనసొప్పనిది. దాన్ని బయట కూర్చుని చదువుతాను.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

నువ్వు అడిగింది పంపుతున్నాను. తప్పిపోయిన ఏనుగు కథ. మా దగ్గర దీన్ని మధ్యలో ఆపి లేచినవాళ్లు లేరు. దర్జీ తాత పుస్తకం కూడా వచ్చింది, హత్య కథ, అక్షరాలు పెద్దవి. రెండూ ఒకే పార్సెల్లో పెట్టాను.

ఇంకో ముక్క అంటించు. అది చిరిగిన రోజు సామాన్లు చూసుకోకు, మరిదిగారి అనుమతి అడగకు. అందరినీ బయటికి తీసుకురా. ఆ తర్వాత సిగ్గుపడుదువుగాని.

అక్క

*

ప్రియమైన అక్కకు,

ఈ పాటికి వినే ఉంటావు. నేను బాగానే ఉన్నాను, మీ మరిదీ బాగానే ఉన్నారు.

ఆదివారం ఉదయం అంటించిన ముక్క, బట్టలు ఆరేసి వచ్చేసరికి రెండుగా వేలాడుతోంది. పీట తీసుకుని వీధికి అవతల ఖాళీ స్థలంలో వేసుకున్నాను. పిల్లల్ని పిలిచి ఏనుగు కథ మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మలు వచ్చారు, వాళ్ల వెనక నర్సూ వచ్చింది. నర్సు మొహం వంక ఒక్కసారి చూసి, ముక్క చూపించి, గోడ కదులుతోందని చెప్పాను. ఆమె వెంటనే మిగతా ఇళ్ల తలుపులు కొట్టి, నెలలు నిండుతున్న పక్కింటి అమ్మాయిని కుర్చీతో సహా దింపించింది.

దర్జీ తాత దగ్గరికి నేనే వెళ్లాను. ఆయనకు నా చదువు వినపడదు కదా. పలక మీద రాసి చూపించాను: గోడ కూలేలా ఉంది, బయటికి రండి. చదివి తల ఊపారు. "ఇంకా ఎనిమిది పేజీలున్నాయమ్మా. వీడెవడో ఇంతవరకూ దొరకలేదు. అయిపోగానే వస్తాను, పద," అన్నారు.

చెయ్యి పట్టుకుని లాగాల్సింది. పెద్దాయన చెయ్యి ఎలా పట్టుకోవడమని సిగ్గుపడ్డాను. నర్సును పిలుద్దామని బయటికి వచ్చాను.

అప్పుడే పైనుంచి మీ మరిది కేక వేశారు, పరువు తీస్తున్నావు, లోపలికి పొమ్మని. పిల్లలు బెదిరి లేవబోయారు. నేను వాళ్లను ఆపడానికి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఆయన కేకలేస్తున్నా ఆపకపోవడం అదే మొదటిసారి. తాపీ చేత్తో పట్టుకునే దిగి వచ్చారు. తగవు చూడ్డానికి కూలీలిద్దరూ వెనకే దిగారు. ఆయన వీధి సగం దాటారు. పెద్ద కుండ పగిలినట్టు ఒక్క చప్పుడు. తర్వాత దుమ్ములో ఎవరికెవరూ కనపడలేదు. దుమ్ము అణిగాక లెక్కపెట్టుకుంటే తాత ఒక్కరే లేరు.

నీ తప్పేమీ లేదక్కా. లేవనివ్వని పుస్తకం కావాలని అడిగింది నేను.

నిన్న మీ మరిది శిథిలాల్లోంచి తాత పుస్తకాన్ని తవ్వి తీసి, అట్ట తుడిచి నా ఒళ్లో పెట్టారు. ఒక పేజీ మూల మడిచి ఉంది. తాతకు ఇంకా ఆరు పేజీలు మిగిలాయి. అవి నేను చదివాను. హంతకుడు మూడో పేజీలోనే ఉన్నాడు. అందరూ చూశారు, ఒక్కరూ అనలేదు.

రేపు విచారణకు వస్తున్నారు. గోడకు బీటే లేదని యజమాని రాసిచ్చాడట. మూడు ముక్కలూ ఏనుగు పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను కాబట్టి మిగిలాయి, తేదీలతో సహా. బీట ఉంటే దాని మీద రంగు పూసిందెవరని అడుగుతారు. అప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని ఉంటారు.

గొంతు లోపలికి పోకుండా చెప్పాలి.

నీ పిచ్చుక