ఇరవై ఏళ్ల ఆకు

సాలమ్మా,

ఫోన్ చేస్తే ఏడుస్తావు, ఆ ఏడుపు వినే ఓపిక నాకు లేదు. అందుకే వాచ్‌మన్ తిరుపతితో ఈ ఉత్తరం ఆలూరుకు పంపుతున్నాను. నీ కోడలు మంజులతో చదివించుకో. రేపటి నుంచి ఎంకపల్లి ఫామ్‌హౌస్‌కు పనికి రావద్దు.

టీ పారేసినందుకు అనుకుంటావేమో, అందుకు కాదు. "డబ్బా మీద రెండువేల నాలుగు అని ఉన్నదమ్మా. పాడైందనుకొని గులాబీ చెట్లకు ఏసిన. మీరు ఫికర్ పడతరని చేవెళ్లల కొత్త ఆకు తెచ్చి నింపిన" అని నువ్వు సోమవారం చెప్పినప్పుడు నేను తిట్టనైనా లేదు. ఏళ్లు గడిచేకొద్దీ రుచి పెరిగే ఆకు ఉంటుందని నీకెలా తెలుస్తుంది?

కానీ ముందురోజు, ఆదివారం, అతిథులకు ఆ డబ్బాలోని టీ పెట్టింది నేనే. మొదటి నీళ్లు పారబోసి, రెండోసారి పోసినవి చిన్న కప్పుల్లోకి వంచి, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకొని, "వానకు తడిసిన అడవి వాసన! ఇరవై ఏళ్లు దాస్తేనే వస్తుంది" అన్నాను. బాల్‌రాజ్ గారు, మోకిల నుంచి వచ్చిన సమత, అందరూ తలలూపారు. నువ్వు ట్రే పట్టుకొని అక్కడే నిలబడి అంతా విన్నావు. నవ్వలేదు. నవ్వి ఉంటే క్షమించేదాన్నేమో.

పదకొండేళ్లు నమ్మకంగా చేశావు, కాదనను. నీ మొహం చూస్తూ ఇక ఆ కప్పు ఎత్తలేను.

వచ్చే ఆదివారం వాళ్లు మళ్లీ వస్తున్నారు. అదే టీ కావాలట. నువ్వు కొన్న ఆ చేవెళ్ల కొట్లోనే ఇంకో ప్యాకెట్ కొని గేటు దగ్గర తిరుపతికి ఇవ్వు. లోపలికి రావద్దు.