ఏడో నంబరు

శుక్రవారం, రాత్రి

పిల్ల కాలేజీ ఫీజు తొంభై వేలు. అందుకే కాశిబుగ్గ అక్క దగ్గర ఆయనకు తెలియకుండా కడుతున్న లక్ష చిట్టిని ఇవాళ ఫోన్లో పాడాను. ఎవరు ఎక్కువ వదులుకుంటే చిట్టి వాళ్లదే. అక్క పేర్లు చెప్పదు, నంబర్లే చెబుతుంది. నేను పది వేలు వదులుకుంటానంటే ఏడో నంబరు పన్నెండంది. పంతానికి పోయి ఇరవై రెండు దాకా పెంచి పాడుకున్నాను.

సాయంత్రం ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఫీజు కోసమని నీకు చెప్పకుంట చిట్టి కట్టిన. ఇయ్యాల ఎవలో పిచ్చోళ్లు ఎగబడి పాడిండ్రు."

"నీ నంబరెంత?"

"ఏడు."

ఇరవై ఏళ్ల కాపురం! ఇద్దరిలో ఒక్కరం నోరు విప్పితే ఏం పోయేది? ఇప్పుడు ఫీజుకు పన్నెండు వేలు తక్కువ. మేము ఒకరి మీద ఒకరం పెంచుకున్నదీ సరిగ్గా అంతే.