తల్లి ఎలుగుబంటి గొంతు

ఏవండీ,

పాలు కాచి మూతపెట్టాను, చిట్టి లేవగానే తాగించండి. ఆ ఎలుగుబంటి బొమ్మల సినిమా మాత్రం పెట్టకండి. డబ్బింగ్ ఉందని నేను గొంతు కాపాడుకుంటూ వారం నుంచి ఇంట్లో నోరు మెదపడం లేదు కదా, నిన్న చిట్టి టీవీలో తల్లి ఎలుగుకి ముద్దుపెట్టి "అమ్మ మాట్లాడుతోంది" అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను! ప్రాణం ఉసూరుమంది.

తెల్లారినప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మూడు సినిమాల్లో తల్లి ఎలుగుకి నేనే గొంతిచ్చానా, ఇప్పుడు పిల్ల ఎలుగు ఒక్కదాని మీదే వేరే సినిమా తీశారు. అందులో తల్లికి అసలు మాటలున్నాయో లేదో స్టూడియోకి వెళితేగానీ తెలియదు. మీరేమో "చూద్దాంలే" అని ముసుగుతన్నారు.

తా.క. రేపు కూడా రికార్డింగ్ ఉందన్నా సరే, రాత్రికి చిట్టికి కథ నేనే చెబుతాను. గొంతు బొంగురుపోతే తల్లి ఎలుగుకి జలుబు చేసిందనుకుంటారు.