ముద్ర పడని బిళ్ళ

తాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రేపు మా నర్సీపట్నం హైస్కూల్లో అందరి ముందూ నా వ్యాసం చదవాలి. టంకశాలలో నీ ఉద్యోగం గురించే రాశాను. టంకశాల అనగానే నాకు లోహం మోగినట్టుంటుంది. రేకును బిళ్ళలుగా కోయడం, అంచు లేపడం, రెండు అచ్చుల మధ్య ఒక్క దెబ్బకు నాణేనికి బొమ్మా బొరుసూ పడటం, అన్నీ నువ్వు చెప్పినట్టే రాశాను. "రోజూ ఇంటికొచ్చేటప్పుడు గేటు దగ్గర కాపలావాళ్ళు నోరు కూడా తెరిపించి చూసేవారు. మా తాత ఎన్నడూ చిన్న ముక్కయినా బయటికి తేలేదు" అన్నచోట తెలుగు మాస్టారు మెచ్చుకున్నారు.

పొద్దున నీ ఫొటో కోసం ట్రంకు పెట్టె తీశాను. ఖాకీ చొక్కా మడతలో రూపాయంత బిళ్ళ దొరికింది. అంచు లేచి ఉంది కానీ రెండు వైపులా ఏ ముద్రా లేదు.

అమ్మ చూసి తలుపు వేసింది. "నాన్నకి సెప్పకు. బేగి ఏట్లో పడేసిరా. పోలీసులొస్తే ఏటి సెప్తాం?"

"తాత దొంగతనంగా తెచ్చాడంటావా అమ్మా?"

"నానేటీ అన్లేదే" అంది, నా మొహం చూడకుండా.

ఏటిదాకా వెళ్ళి, పారేయలేక తిరిగొచ్చాను. వీధిలో సైకిలు ఆగినా కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. పోలీసులకన్నా, నేను రాసింది అబద్ధమేమోనన్న భయమే ఎక్కువ.

'బయటికి తేలేదు' అన్న ఆ వాక్యం కొట్టేద్దామని రెండుసార్లు పెన్ను ఎత్తాను. కొట్టేస్తే నేనూ నిన్ను గేటు దగ్గర ఆపి నోరు తెరవమన్నట్టే కదా. రేపు ఉన్నది ఉన్నట్టే చదువుతాను. బిళ్ళ నా గుప్పిట్లో ఉంటుంది.