పేరు వేసుకోని నీతి పుస్తకం

సుజాతా, తప్పు నీదే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో దొరసానులు రాసి పనిమనుషులకు ఊరికే పంచిన నీతి పుస్తకాల మీద థీసిస్ రాశావు. "పాపం, ఆడవాళ్ల రాత అచ్చవడానికి అప్పుడదే సులువైన దారి" అంటూ వాళ్లను వెనకేసుకొచ్చావు.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ అమెరికాలో మన మోరిస్‌విల్ తెలుగు బడి తల్లులూ ఆడపిల్లల అణకువ మీద ఓ పుస్తకం వేశారు, పేర్లు లేకుండా. యాన్యువల్ డేలో దాన్ని చదవమంటే నీ కూతురు, "ఆంటీ, క్వైట్‌గా ఉండమని చెప్పడానికి ఇన్ని పేజెస్ ఎందుకు?" అంది.

"అచ్చం వాళ్లమ్మ నోరే!" అని బడి కమిటీ వాళ్లు పిల్లను ప్రోగ్రామ్ నుంచి తీసేశారు.

వాళ్లతో వాదించి వాదించి అలిసిపోయాను. అయినా రేపు కమిటీని ఇవి అడుగుతాను:

ఆ పుస్తకం పంచడం ఆపండి.
రాసినవాళ్లు పేర్లు వేసుకోండి.
పిల్లకు మైకు ఇవ్వండి.