జడ్జిగారిని ఎత్తుకోను

శనివారం, ఓడలో

పిల్లలంటే నాకు ప్రాణమట. మా ఇంట్లో నా గురించి చలామణిలో ఉన్న అబద్ధాలన్నిటిలోకీ ఇదే బలమైనది.

ఇది పుట్టింది ఆసుపత్రిలో. అక్కకి బాబు పుట్టిన రోజు అమ్మ ఏడుస్తోంది, నాన్న ఫోన్లో ఎవరికో చెబుతూ ఏడుస్తున్నారు, బావ మెట్ల దగ్గర గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. కుర్చీలో కుదురుగా కూర్చున్నది నేనొక్కదాన్నే కాబట్టి నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఊపిరి తీస్తున్నాడా లేదా అని నేను కళ్ళార్పకుండా చూస్తుంటే బావ కళ్ళు తుడుచుకుని వచ్చి ఫోటో తీశాడు. ఆ ఫోటో చుట్టాలందరికీ వెళ్ళింది. "పిన్నికి వీడంటే ఎంత ప్రేమో" అని అందరూ తేల్చేశారు. అంతే. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ కష్టానికైనా ఒకటే మందు: "పిన్ని ఉందిగా."

ఇప్పుడు వాడికి ఎనిమిది నెలలు. ఎవరెన్ని వేషాలు వేసినా నవ్వకుండా, కనుబొమ్మలు ముడిచి, సాక్షి మాటలు నమ్మనట్టు చూస్తాడు. అందుకని జడ్జిగారు అంటాం.

ఈ దీవి ప్రయాణం నాన్న రిటైరైన సందర్భంగా. వారం రోజులు, సముద్రం పక్కనే రెండు గదుల చెక్క కాటేజీ. బాగుంది. కానీ ఇందాక ఓడ పై అంతస్తులో అమ్మా అక్కా మాట్లాడుకోవడం విన్నాను. అక్క సెలవు ఈ వారంతో సరి. వచ్చే సోమవారం నుంచి ఏడాదిపాటు నేను అక్క వాళ్ళింట్లో ఉండి జడ్జిగారిని చూసుకుంటాను. ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని అమ్మ. దానికీ కాలక్షేపం అని అక్క. ఈ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. ఓడ నడిపే ఆయనక్కూడా చెప్పే ఉంటారు.

నేను ఖాళీగా లేను. వంతెనలు తనిఖీ చేసే కంపెనీలో ట్రైనీగా తీసుకుంటామని నాకు ఉత్తరం వచ్చింది. ఊరూరూ తిరగాలి, నడుముకి తాడు కట్టుకుని వంతెనల కిందికి దిగాలి, పగుళ్ళు వెతకాలి. సివిల్ చదివింది దీనికే. చేరేదీ లేనిదీ వచ్చే శనివారానికల్లా చెప్పాలి, చేరితే ఆ వెంటనే సోమవారమే చేరాలి. ఇంట్లో చెప్పాను కూడా. నాన్న బాగుందమ్మా అని, నేను సగంలో ఉండగానే లేచి ఫ్యాను వేసుకున్నారు. అమ్మ "వంతెనల కిందా?" అని నవ్వి కూర తరగడంలో పడింది.

మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ అడగరు. "అనుకున్నాం" అంటారు. ఎప్పుడనుకున్నారో, ఎవరెవరు కూర్చుని అనుకున్నారో తెలీదు. సోఫా రంగు, అక్క పెళ్ళి తేదీ, ఈ దీవి, అన్నీ అలా అనుకున్నవే.

కాబట్టి తీర్మానం: ఈ వారమంతా జడ్జిగారిని ఎత్తుకోను. గొడవ పడను, ఉపన్యాసం ఇవ్వను. ఊరికే ఎత్తుకోను. చూసి చూసి వాళ్ళకే అర్థమవుతుంది. దీనివల్ల అయ్యే పని కాదు, పోనీ వంతెనల కిందికే పంపేద్దాం అని వాళ్ళే అనుకుంటారు. మా ఇంటి పద్ధతిలోనే మా ఇంటిని ఓడించడం. ఎంత గొప్ప ఆలోచన!

ఆదివారం

ఘనవిజయం.

ఉపాయం చాలా చిన్నది: చేతులెప్పుడూ ఖాళీగా ఉండకూడదు. ఉదయం అమ్మ జుట్టు ముడేసుకోవడానికి జడ్జిగారిని నావైపు చాపింది. నా రెండు చేతులకీ సన్‌స్క్రీన్. మధ్యాహ్నం అక్క చాపింది. ఒక చేతిలో కొబ్బరిబోండం, రెండో చేతిలో కూడా కొబ్బరిబోండం. సాయంత్రం బావ చాపబోతూంటే సముద్రంలోకి నడిచాను. నడుం లోతు వరకూ. బట్టలతోనే.

వాళ్ళకి అనుమానం వచ్చిందా అంటే, వచ్చింది. నాకు ఎండ పడదేమోనని.

మా ఇంట్లో ఇంకో చట్టం ఉంది. జడ్జిగారు ఎవరి చేతుల్లో నిద్రపోతే వాళ్ళు ఆయన లేచేదాకా కదలకూడదు. కదిలితే లేస్తాడు, లేస్తే కాటేజీ పైకప్పు ఎగిరిపోతుంది. ఇవాళ ఆ శిక్ష బావకి పడింది. పాపం, అంతకుముందే రెండు బోండాల నీళ్ళు తాగి ఉన్నాడు. సాయంత్రమంతా కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని, మొహం బిగించుకుని, సూర్యాస్తమయం ఎంత బాగుందో అంటూ కూర్చున్నాడు.

నేను ఇసుకలో కాళ్ళు చాపుకుని పడుకున్నాను. స్వేచ్ఛ అంటే ఇదే.

సోమవారం

తీర్మానం చెక్కుచెదరలేదు. కాకపోతే చిన్న వివరణ అవసరం.

అందరూ టిఫిన్‌కి వెళ్ళారు. జడ్జిగారు మంచం మీద, నేను గుమ్మంలో. ఆయన దొర్లుతూ దొర్లుతూ అంచు దాకా వచ్చి, నావైపు చూసి, ఇప్పుడేం చేస్తావ్ అన్నట్టు ఆగాడు. దిండు అడ్డం పెట్టాను. దిండుని తోసేశాడు. మోకాలు అడ్డం పెట్టాను. మోకాలెక్కాడు. ఇక మిగిలింది ఒడి.

ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఎత్తుకోవడం కిందికి రాదు. ఎత్తుకోవడం అంటే నేను నిలబడి ఉండాలి. కూర్చున్న మనిషి ఎవర్నీ ఎత్తుకున్నట్టు కాదు, కుర్చీలాంటిదన్నమాట.

ఈ వివరణతో నాకే మాత్రం ఇబ్బంది లేదు.

మంగళవారం

వాన. చెక్క గోడల సందుల్లోంచి జల్లు. ఆరిన తువ్వాలు ఒక్కటి లేదు. అందరం ఒకే గదిలో.

జడ్జిగారికి పన్ను వస్తోంది. ఉదయం మొదలెట్టిన ఏడుపు ఆపలేదు. అమ్మ పాడింది. నాన్న తాళంచెవులు గలగలలాడించారు. బావ వరసగా ఆవు, కోడి, రైలు అయ్యాడు. రైలుకి ఒక్క క్షణం ఆగి, వాదన నచ్చక మళ్ళీ అందుకున్నాడు. చివరికి అక్క స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. కుళాయి చప్పుడుకి వినబడదనుకుంది. చెక్క గోడలు.

ఆ ఏడుపు నేను విన్నాను, అందుకని. లేకపోతే నేను లొంగేదాన్ని కాదు.

అమ్మ దుప్పటి మెడకీ నడుముకీ ముడేసుకుని జడ్జిగారిని అందులో పడేసుకున్నాను. నా రెండు చేతులూ ఖాళీ. గమనించాలి: ఎత్తుకున్నది దుప్పటి. నేను దుప్పటిని మాత్రమే కట్టుకున్నాను. గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరిగాను. పడుకున్నాడు. చట్టం ప్రకారం నాకు శిక్ష. వాన తగ్గేదాకా కిటికీ పక్కన నిలబడి, చూరు నుంచి కారే నీళ్ళు చూస్తూ ఉండిపోయాను.

అమ్మ నాన్నతో గుసగుసగా అంది, చూశారా, దాని దగ్గరే ఊరుకుంటాడు అని.

ఛ!

బుధవారం

ఎండ వచ్చింది. అందరూ పడవలో పగడాలు చూడ్డానికి వెళ్ళారు. పడవలోకి పసిపిల్లల్ని రానివ్వరట. ఒక్క క్షణం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఎవరన్నారో తెలీదు, గాలిలోంచి వచ్చినట్టు వచ్చింది ఆ మాట. పిన్ని ఉందిగా.

నేను మాట్లాడేలోపు పడవ కదిలింది. అక్క చెయ్యి ఊపింది. ఎన్నాళ్ళకో దాని మొహం కాస్త తేటగా కనిపించింది. సరే.

ఇవాళ ఎత్తుకున్నాను. దుప్పటి లేదు, ఒడి లేదు. మామూలుగా, చంకన.

పడవల రేవు మీద నడిచాం. రేవు స్తంభాలు పాతవి. నీటిమట్టం దగ్గర కాంక్రీటు పొరలు లేచి, లోపలి ఇనుము తుప్పుపట్టి కనబడుతోంది. జడ్జిగారికి చూపించాను. ఉప్పునీళ్ళు ఎలా లోపలికి దూరతాయో, తుప్పు ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి ఎలా పగలగొడుతుందో, చిన్న సుత్తితో కొట్టి ఆ చప్పుడుని బట్టి ఎలా కనిపెడతారో చెప్పాను. తరవాత ఉత్తరం సంగతి చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా. ఇంటర్వ్యూలో తాడు కట్టి కిందికి దింపినప్పుడు కాళ్ళు వణికాయనీ, పైకి వచ్చాక మళ్ళీ దిగనా అని అడిగాననీ, ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పే వీల్లేకపోయిందనీ.

ఆయన అంతా విన్నాడు. కనుబొమ్మలు ముడిచి, మధ్యలో లేచి ఫ్యాను వేసుకోకుండా. అయ్యాక నాలుగు వేళ్ళు నా నోట్లో పెట్టి పళ్ళు లెక్కపెట్టాడు.

తీర్మానం గురువారం నుంచి గట్టిగా అమలు.

గురువారం

ఎత్తుకున్నాను.

మధ్యాహ్నం: మళ్ళీ.

సాయంత్రం: కొబ్బరిబోండం అక్కడ పెట్టి మరీ ఎత్తుకున్నాను.

ఒకటి రాయాలి. అమ్మ చంకలో ఉన్నవాడు నేను గదిలోకి రాగానే రెండు చేతులూ చాపి నావైపు ఒరిగాడు. నవ్వాడు కూడా. ఎవరికీ నవ్వని వాడు. రైలైన వాళ్ళ నాన్నకి కూడా నవ్వని వాడు.

అమ్మ అక్కవైపు చూసింది. అక్క నా బట్టలు పెట్టుకోవడానికి అలమరలో ఏ అర ఖాళీ చేస్తుందో చెప్పడం మొదలెట్టింది. నాక్కాదు, అమ్మకి.

నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ వాడంటే నాకు ప్రాణమన్నది అబద్ధమని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడది నిజమైపోతోంది. నిజమైతే ఇంక నా దగ్గర చెప్పడానికి ఏముంది? వాడంటే ఇష్టం లేదని చెప్పి తప్పించుకోవాలనుకున్నాను. ఇష్టమే. ఇష్టమే కానీ ఏడాది ఉండను. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని మా వాళ్ళకి ఎలా చెప్పడం? మా ఇంట్లో అలాంటి వాక్యం ఇంతవరకూ ఎవరూ అనలేదు.

శుక్రవారం

బయట బల్ల దగ్గర అందరం అన్నాలు తింటున్నాం. అక్క అంది, సోమవారం పొద్దున్నే వచ్చేయ్, వాడి బట్టలూ మందులూ ఎక్కడుంటాయో చూపించి ఆఫీసుకి వెళ్తాను అని.

"నేను రావట్లేదక్కా."

అమ్మ చేప ముల్లు తీస్తూనే ఉంది. "రాకపోవడమేంటే. అనుకున్నాం కదా."

"ఎవరనుకున్నారమ్మా?"

"అందరం."

"అందరిలో నేను లేనా?"

నాన్న తన చెంచాని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసుకున్నారు. నేను ఇంక దాచుకోలేక చెప్పేశాను. మీకే అర్థమవుతుందని ఈ వారమంతా వాణ్ణి ఎత్తుకోకుండా ఉందామనుకున్నానని.

బావ నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఎప్పుడు మరదలా? వాడు నీ చంక దిగిందెప్పుడు?"

అప్పుడు కూడా జడ్జిగారు నా ఎడమ చంకలోనే ఉండి నా కాలరు నములుతున్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ప్రమాదం అక్కడే. మా ఇంట్లో నవ్వాక ఇంక ఆ విషయం ముగిసినట్టే, ఎవరో ఒకరు పెరుగు అందుకుంటారు. అమ్మ అందుకుంది కూడా.

"నవ్వడం అయిపోయాక కూడా నేను రానమ్మా," అన్నాను. "నాకు ఉద్యోగం వచ్చింది. చేరతాను. మీరు నన్ను అడగనన్నా అడగలేదు."

అమ్మ గిన్నె కింద పెట్టింది. కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది. "అడిగితే వద్దంటావని తెలుసే. అందుకే అడగలేదు."

ఇన్నాళ్ళూ వీళ్ళకి నేను అర్థం కాలేదనుకున్నాను. అమ్మ నన్ను అక్షరం పొల్లుపోకుండా చదివింది. చదివి, పుస్తకం మూసి అలమరలో పెట్టింది.

అక్క తినడం ఆపింది. "వాడంటే ఇష్టం లేదా నీకు?"

"ఉంది."

"మరి?"

"ఉంది. అయినా రాను."

అక్క లేచి వాణ్ణి నా దగ్గర్నుంచి తీసుకుంది. వాడు దాని భుజం మీంచి నావైపు చేతులు చాపి ఏడుస్తుంటే, ఇసుకలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను లేవలేదు. లేవకుండా ఉండడానికి బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. నాన్న నా కంచంలో ఇంకో చేపముక్క వేశారు. దానర్థం నాకు ఇప్పటికీ తెలీదు.

శనివారం, తిరుగు ఓడలో

ఉదయం రేవు చివరికి వెళ్ళాను, ఫోన్‌కి సిగ్నల్ అందేది అక్కడే. జవాబు పంపాను. చేరుతున్నాను.

అక్క పొద్దుట్నుంచి నాతో మాట్లాడలేదు. ఓడెక్కాక బావనడిగింది, నువ్వు ఓ నెల సెలవు పెట్టగలవా అని. పెట్టగలనన్నాడు. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమంటే, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నానన్నాడు. అక్క తల పట్టుకుంది. ఆ నెల తరవాత ఏంటో ఎవరికీ తెలీదు. ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి వాదించుకుంటున్నారు. మా ఇంట్లో ఒక విషయం గురించి ఇద్దరు మనుషులు పైకి మాట్లాడుకోవడం నేను చూడ్డం ఇదే మొదటిసారి. వినడానికి బాగాలేదు. అయినా విన్నాను.

వాదన మధ్యలో అక్క నావైపు చూడకుండానే జడ్జిగారిని తెచ్చి నా ఒళ్ళో పడేసి, మళ్ళీ వెళ్ళి బావతో మొదలెట్టింది. ఒక చేత్తో రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర.

తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి: జడ్జిగారిని ఎత్తుకోను. ఇవాళ లెక్కలోకి రాదు. రేపు ఆదివారం, అదీ రాదు. సోమవారం నుంచి ఖాయం.

అమ్మ ఇప్పుడే వచ్చి పక్కన కూర్చుంది. ఏడాది కాకపోతే ఆర్నెల్లు ఉండొచ్చుగా అని అడిగింది. అనుకున్నాం అనలేదు, అడిగింది.

ఉండనని చెప్పాను. సోమవారం ఉద్యోగంలో చేరుతున్నాను.